దూడ లేని లెక్క

తెల్లవారుజామున బషీర్‌బాగ్ నుంచి మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్తే రామ్ కీ బండి. నైట్ షిఫ్ట్ అయ్యాక మా టీమ్ చేరేది అక్కడికే. పెనం మీద దోసె, దాని మీద బటర్, ఆ పైన దోసె కనబడనంతగా తురిమిన చీజ్. ఓసారి అమ్మని కూడా తీసుకెళ్ళాను. ప్లేటు ముట్టుకోలేదు. "దూడ కడుపులోంచి తీసినదాంతో పాలు విరగ్గొడతారటరా. నాకు సాదా దోసె చెప్పు" అంది.

అమ్మ విన్నది అబద్ధం కాదు. పాలు తాగే దూడ నాలుగో పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తో చీజ్ చేయడం యూరప్‌లో పాత పద్ధతి. ఇటలీలో పార్మిజానో రెజ్జానో అనే పేరు పెట్టుకోవాలంటే ఇప్పటికీ అదే వాడాలి. అయితే అదే ఎంజైముని సూక్ష్మజీవుల చేత తయారుచేయించే పద్ధతికి 1990లో అమెరికా అనుమతిచ్చింది. మన దగ్గర ప్యాకెట్ మీద పచ్చచుక్క పెట్టాలంటే దూడ రెన్నెట్ వాడకూడదు. ఇదంతా చెప్పి, గెలిచిన ఉత్సాహంలో ఇంకో మాట కూడా అన్నాను: "మరి జున్ను తింటావుగా? అవి దూడ తాగాల్సిన పాలే కదా?"

నిఘంటువులు చీజ్‌ని జున్ను అంటాయి గానీ రెండూ ఒకటి కావు. జున్నుకి రెన్నెట్ అక్కర్లేదు. ముర్రుపాలు, బెల్లం, మిరియాలు, ఆవిరి చాలు. ఆ పాలలోని ప్రోటీన్లు వేడికే గట్టిపడతాయి. అప్పుడే పుట్టిన దూడని రోగాల నుంచి కాపాడేవి కూడా వాటిలోనే ఉంటాయి.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మా అమ్మ దూడ తాగి వదిలేశాకే పిండేది" అంది. మళ్ళీ తనే, "అందరూ అలా చేస్తారని కాదులే" అంది.

రోజూ నా పని కోడ్‌లో తప్పులు వెతకడం. ఒకే నియమం రెండుచోట్ల రెండు రకాలుగా నడిస్తే అది బగ్. నీతినీ అలాగే చూస్తూ వచ్చాను. కానీ ఈ బగ్‌ని రెండు రకాలుగా సరిచేయొచ్చు: జున్ను మానెయ్యొచ్చు, లేదా దూడ సంగతే మర్చిపోవచ్చు. తర్కానికి రెండూ ఒకటే. దూడకి కావు.

గాంధీ 1912లో పాలు మానేశాడు. తర్వాత జబ్బుపడినప్పుడు, ఒట్టు వేసేటప్పుడు మనసులో ఉన్నవి ఆవుపాలూ గేదెపాలే అనుకుని మేకపాలు తాగాడు. ఒట్టులో మాట నిలిచింది గానీ దాని ఆత్మ నిలవలేదని ఆత్మకథలో తనే ఒప్పుకున్నాడు. ఆయన్ని పట్టుకోవడం తేలికే. కానీ నాకు నచ్చేది ఆ ఒప్పుకోలే. సమాధానం దొరికిందని ఆయన ప్రశ్నని మూసెయ్యలేదు.

పచ్చచుక్క చూసి నేను మూసేశాను. అది రెన్నెట్ సంగతి చెబుతుంది. పాలిచ్చిన గేదెకి పుట్టిన మగదూడ ఏమైందో చెప్పదు. అమ్మ లెక్కలో తప్పుంది, నిజమే. కానీ అందులో దూడ ఉంది. నా లెక్కలో తప్పు లేదు, దూడా లేదు.

నేను చీజ్ దోసె మానలేదు. మొన్న చిక్కడపల్లిలో ముర్రుపాలు అమ్మే అతన్ని అమ్మ, "దూడ తాగిందా నాయనా?" అని అడిగింది. అతను నవ్వి ఊరుకున్నాడు. అమ్మ సంచీ మడిచి చేతిలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.