దిగువవాడు నా పొరుగువాడా?



మనము చేసిన కీడు మనమెన్నడును చూడని వానికి తగిలినయెడల అది పాపమగునా? ఎవనికిని హాని చేయవలెనని తలంపక, మన యిల్లు శుభ్రముగా నుండవలెనని మాత్రమే చేసిన పనికి దేవుడు మనలను లెక్క అడుగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురుకాలేదు. అల్వాల్ చెరువు గట్టుమీద ఎదురైనది.

ఒక వేసవి తెల్లవారుజామున ఆ గట్టున నడచుచుండగా, చేపలు పట్టు వృద్ధుడొకడు నన్ను పిలిచి, "అయ్యగారూ, ఇటు సూడుండ్రి, చేపలకు దమ్ము ఆడ్తలేదు" అనెను. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. ఆయన చదువుకొనినవాడు కాడు. అయినను రసాయన శాస్త్రము చెప్పు మాటనే చెప్పెను.

నీటి అణువులో రెండు హైడ్రోజను పరమాణువులును ఒక ఆక్సిజను పరమాణువును కలిసియున్నవి. ఆ అణువు తిన్నగా నుండక వంగియుండుటచేత దాని యొకవైపున కొంచెము ధన విద్యుత్తును, మరియొకవైపున ఋణ విద్యుత్తును ఏర్పడును. అందువలననే నీరు ఉప్పును, చక్కెరను, మరెన్నో పదార్థములను తనలో కరగించుకొనును. ఈ గుణముచేతనే నేలలోని సారము మొక్కకును, తిన్న ఆహారపు సారము మన రక్తమునకును చేరుచున్నది. విషమును ఆ దారినే చేరును. నీరు మంచిచెడ్డల నెంచదు. ఎంచవలసిన బాధ్యత మనది.

గాలిలో సుమారు అయిదవ వంతు ప్రాణవాయువే. నీటిలో అది కరగుట బహు స్వల్పము. 30 డిగ్రీల వేడిమిగల మంచినీటిలో లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములే యుండును. చేపలు దానితోనే బ్రదుకవలెను. అయితే ఒక లీటరు మురుగునీటిలోని మలినమును సూక్ష్మజీవులు హరించుటకు 200 మిల్లీగ్రాముల వరకు ప్రాణవాయువు పట్టవచ్చును. అనగా ఒక కడవ మురుగు దాదాపు 27 కడవల మంచినీటి ఊపిరిని మ్రింగివేయవచ్చును. మురుగులోని నత్రజని, భాస్వరము గుర్రపుడెక్కకు ఎరువగును. అది నీటిని కప్పి గాలిని, వెలుతురును అడ్డగించును. రాత్రివేళ నాచు సహితము ప్రాణవాయువునే పీల్చుకొనును గనుక తెల్లవారుసరికి చేపలకు ఊపిరి కరవగును.

ఇక నా దోషము ఒప్పుకొనవలెను. నేను సేవచేసిన యొక సంఘములో మరుగుదొడ్లు కట్టించినప్పుడు, సెప్టిక్ ట్యాంకును ఇంకుడుగుంతయు ఖర్చుతో కూడినవని తలంచి, గొట్టమును వానకాలువలో కలిపితిమి. ఆ కాలువ చెరువులోనికి పోవునని నేనెరుగుదును. "ఊరంత వదులుతున్నది, మన ఒక్క గొట్టంతోటి ఏమైతది?" అని కమిటీలో ఒకరనగా నేను ఊరకుంటిని. తీర్మానము క్రింద నా సంతకమున్నది. మిగిలిన సొమ్ముతో గుడికి రంగు వేయించితిమి.

ఆ ఉదయమున ఇల్లు చేరి యెహెజ్కేలు 34వ అధ్యాయము తెరచితిని. తాము తేటనీరు త్రాగి, మిగిలిన నీటిని కాళ్లతో కలకచేసిన బలిసిన గొఱ్ఱెలను దేవుడచ్చట విచారణ చేయుచున్నాడు. ఆ గొఱ్ఱెలు తమ దాహము తీర్చుకొనిన తరువాత వెనుక వచ్చువాటిని తలంచుకొనలేదు. ఆ మరపునే దేవుడు నేరముగా ఎంచెను.

మంచి సమరయుని ఉపమానములో యాజకుడుగాని లేవీయుడుగాని ఆ మనుష్యుని కొట్టలేదు. వారికి అతనిమీద పగయు లేదు. అయినను ప్రభువు వారిని నిర్దోషులనలేదు. కాబట్టి చెడ్డ తలంపు లేదనుట చాలిన జవాబు కాదు. మన ఒక్క గొట్టముతో ఏమగుననుటయు జవాబు కాదు. చెరువును చంపిన గొట్టములన్నియు ఎవరికో ఒకరికి "మన ఒక్క గొట్టమే" గదా!

పొరుగువాడనగా గోడ ప్రక్కవాడు మాత్రమే కాడు. మన ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకదాని అలుగు పారిన నీరు వేరొకదానిలో చేరి, వాగులు నాలాల గుండ పోయి, తుదకు మూసీని కలియును. ఆ మూసీ నీటితో భువనగిరి, నల్లగొండ సీమల రైతులు వరి పండింతురు. మిగిలినది వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. నా గొట్టమునకు దిగువనున్నవారందరు నా పొరుగువారే.

దేవుడు మరల వాన కురిపించును గదా యని కొందరందురు. నిజమే. సూర్యుని వేడిమికి నీరు ఆవిరియై, ఉప్పును మలినమును క్రిందనే విడిచి పైకి పోవును. ఇది గొప్ప కృప. అయితే కృపయున్నదని పాపమందే నిలుచువారిని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో గద్దించెను. జక్కయ్య మారుమనస్సు అతని సొమ్ముల సంచిలో కనబడెను. మన మారుమనస్సు మన కాలువలో కనబడవలెను.

ఆలస్యముగానైనను సంఘమంతటి యెదుట నా తప్పు ఒప్పుకొంటిని. చందాలు వేసికొని, ట్యాంకు కట్టించి, గుంత త్రవ్వించి, ఆ గొట్టము మూయించితిమి. దానివలన చెరువు బాగుపడినదని చెప్పజాలను. కాని ఆ వృద్ధుడు ఎదురైనప్పుడు ఇప్పుడు నేను తల త్రిప్పుకొనక నిలుచుచున్నాను.

పల్లెలలోనున్న ప్రియులారా, పురుగుమందు కొట్టిన పంపును కాలువలో కడుగబోవునప్పుడు ఒక్క నిమిషమాగి, దిగువన కడవ ముంచు తల్లిని తలంచుకొనుడి. మనము చూడని పొరుగువానిని ప్రేమించు హృదయమును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.