సుందర స్థలములకు స్వామి యెవడు?

తోటను నాటించిన ధనికుడు చుట్టును గోడ కట్టించి ద్వారము మూసికొనుట చట్టము చొప్పున తప్పు గాదు. కాని ధాన్యమువలె సౌందర్యము పదిమందికి పంచిన తరుగునది గాదు. తరుగనిదానిని దాచుకొనుట లోభములలో నెల్ల వింత లోభము. గుంపులు త్రొక్కిన పచ్చిక చచ్చునందురేమో. అందులకు కావలివాడు చాలును.

ఈ విషయమున ఇంగ్లండులో ముగ్గురు చేసిన పని విచారింపదగియున్నది. లండను పేదల యిండ్లను బాగుచేయించిన ఆక్టేవియా హిల్లు, న్యాయవాది రాబర్టు హంటరు, మతాచార్యుడు హార్డ్‌విక్ రాన్‌స్లీ కలసి 1895వ సంవత్సరమున నేషనల్ ట్రస్టును స్థాపించిరి. ఇరుకు గదులలో బ్రదుకువారికి కూర్చుండ నొక పచ్చిక, ఎక్క నొక కొండ కావలెనని హిల్లు చిరకాలముగా వాదించుచుండెను. ఆ యేడే వేల్సు సముద్రతీరమున సుమారు 5 ఎకరముల కొండచరియను ఫానీ టాల్బటు అను వితంతువు దానమిచ్చెను. మరుసటి యేట ఆల్‌ఫ్రిస్టను గ్రామములో శిథిలమైన మతగురువు గృహమును 10 పౌనులకు కొనిరి.

అసలు విశేషము 1907 నాటి శాసనములో నున్నది. అన్యాక్రాంతము చేయరాదని ట్రస్టు ప్రకటించిన భూమిని ట్రస్టే అమ్మజాలదు, తాకట్టు పెట్టజాలదు. ధర్మకర్తలే భోక్తలైన మన దేవాలయ మాన్యముల గతి నెరిగినవారికి ఈ నిబంధన విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

పిమ్మట గొప్ప ప్రభువుల కోటలును, ఉద్యానములును ట్రస్టు చేతికి వచ్చినవి. అందుతో నొక చిక్కును వచ్చినది. 1952 మొదలు ట్రస్టు రక్షణలోనున్న వేల్సులోని పోయిస్ కోటకు పోయిన తెలుగువాడు మెట్లు మెట్లుగా దిగు తోటను మాత్రమే చూచి రాలేడు. అచ్చట టిప్పు సుల్తాను గుడారమున్నది. 1799లో శ్రీరంగపట్టణము పడినప్పుడు చెన్నపట్టణపు గవర్నరు ఎడ్వర్డు క్లైవు. పోయిస్ వంశపు కన్యను పెండ్లాడినవాడు. 1765లో మన ఉత్తర సర్కారులకు మొగలు పాదుషాచేత ఫర్మానా పొందిన రాబర్టు క్లైవు ఆతని తండ్రి.

2020లో ట్రస్టు తన స్థలములలో 93 స్థలములకు వలసపాలనతోను బానిసత్వముతోను గల సంబంధములను ప్రకటించెను. సభ్యులలో కొందరు కోపించిరి. విశ్రాంతికై తోటకు వచ్చినవారికి పాతపద్దు లేలయని వారి బాధ. ఆ బాధ నాకు బోధపడును. వాదము మాత్రము సమ్మతము గాదు. స్థలము ప్రజలదైనప్పుడు దాని లెక్కలును ప్రజలవే గదా! ఆ గుడారము చెంత నిలిచి దాని కథ చదివికొని, తరువాత తోటలోనికి దిగిన బాలునికి పూలు తక్కువ యెఱ్ఱగా కనబడునని నేను నమ్మను.