ఫారిగ్ అయిన తర్వాత

మా పేటలో ఒక కుర్రాడు తలపాగా చుట్టించుకుని వచ్చాడు. ఐదో తరగతి అయిపోగానే వెళ్లినవాడు, పదేళ్లకి వచ్చాడు. వాళ్ల నాన్న అంబాజీపేట వైపు కొబ్బరి వలుపుకి వెళ్తాడు. కొడుకు దస్తార్‌బందీ చూడ్డానికి రైలు ఖర్చులకి అప్పు చేసి వెళ్లాడు. అక్కడ అరబ్బీలో ఏం చదివారో, ఉర్దూలో ఏం మాట్లాడారో ఆయనకి సగం కూడా అర్థం కాలేదు. కొడుకు తలకి ఒక పెద్దాయన తెల్లగుడ్డ చుట్టడం మాత్రం అర్థమైంది. ఆ సంగతి మాకు చెప్తూ ఏడ్చాడు. మేమూ కళ్లు తుడుచుకున్నాం.

ఆర్నెల్ల తర్వాత అదే కుర్రాడు ఓపెన్ స్కూల్ పదో తరగతి దరఖాస్తు ముందేసుక్కూచున్నాడు. ఇంతకు ముందు ఏ తరగతి చదివావన్న చోట కలం ఆగిపోయింది. తలెత్తి మా వంక చూశాడు. "ఐదు అని రాయరా" అన్నాం. రాశాడు.

ఐదు అన్నది అబద్ధం కాదు. కానీ మధ్యలో పదేళ్లు ఏమైనట్టు? ఆ పదేళ్లని ఎవరు మింగినట్టు? సర్కారా, మదర్సానా, మేమా?

మదర్సా చదువు పూర్తి చేసినవాణ్ణి ఉర్దూలో ఫారిగ్ అంటారు. చదువు ముగించుకుని తీరుబడి పొందినవాడని. బజారు ఉర్దూలో ఇదే మాటకి పనీపాటా లేనివాడన్న అర్థం కూడా ఉంది. మా కుర్రాడు రెండర్థాల్లోనూ ఫారిగ్ అయ్యే వచ్చాడు.

లౌకికవాద మిత్రులు చాలామందికి మదర్సా అంటే టోపీలు పెట్టుకుని ఊగుతూ బట్టీ పట్టే పిల్లలు మాత్రమే. లోపల ఏం జరుగుతుందో చెప్పాల్సిన బాధ్యత మాకుంది, ఎందుకంటే మాలోనూ చాలామందికి తెలీదు. ఈ దేశంలో ఎక్కువ మదర్సాల్లో నడిచే పాఠ్యక్రమాన్ని దర్సె నిజామీ అంటారు. లక్నోలోని ఫిరంగీ మహల్‌కి చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చింది. ఆయన 1748లో కన్నుమూశాడు. అరబ్బీ వ్యాకరణంతో మొదలై తర్కం, ధర్మశాస్త్రం, ఖురాన్ వ్యాఖ్యానం మీదుగా హదీసు దగ్గర ముగుస్తుంది. దేవ్‌బంద్‌లో ఇది దాదాపు ఎనిమిదేళ్ల చదువు. రంజాన్ అయ్యాక షవ్వాల్ నెలలో ప్రవేశ పరీక్ష, మళ్లీ రంజాన్‌కి ముందు షాబాన్‌లో ఏడాది పరీక్షలు. ఆఖరి ఏడాదిని దౌరా ఎ హదీస్ అంటారు. బుఖారీ, ముస్లిం మొదలైన ఆరు హదీసు గ్రంథాలు ఆ ఏడాదే చదవాలి. ఒక విద్యార్థి బిగ్గరగా చదువుతుంటే ఉస్తాద్ వింటాడు, ఆపుతాడు, విప్పి చెప్తాడు, మళ్లీ సాగనిస్తాడు. బుఖారీ గ్రంథం చివరి పాఠం మనుషుల కర్మల్ని తూచే త్రాసు గురించి. ఆ పాఠం చెప్పే రోజున ఊళ్లనుంచి జనం వస్తారు, ఎవరి తలకి చుట్టాల్సిన గుడ్డ వాళ్లకి చుడతారు.

హాఫిజ్ అయ్యేవాడి పద్ధతి వేరు. 30 భాగాల ఖురాన్ మొత్తం గుండెలో పెట్టుకుని ఉస్తాద్‌కి ఒప్పజెప్పాలి. అంతటితో అయిపోదు. ఏటా రంజాన్‌లో తరావీహ్ నమాజులో నిలబడి మళ్లీ చదవాలి. వెనక వరసలో ఇంకో హాఫిజ్ నిలబడి ఉంటాడు. ఇతను ఎక్కడన్నా తడబడితే ఆయన మాట అందిస్తాడు. దాన్ని లుఖ్మా ఇవ్వడం అంటారు. లుఖ్మా అంటే అన్నం ముద్ద. బతికినంత కాలం ఏడాదికోసారి, ఊరందరి ముందు రాసే పరీక్ష అది. ఏ విశ్వవిద్యాలయం తన పట్టభద్రుణ్ణి ఇలా అడుగుతుంది?

ఇక చేతికిచ్చే కాగితం సనద్. ఉస్తాద్ ఎవరి దగ్గర విన్నాడో, ఆయన ఎవరి దగ్గర విన్నాడో, అలా పేరు వెనక పేరుగా గ్రంథకర్త దాకా, ప్రవక్త దాకా వెళ్లే గొలుసుకి సాక్ష్యం అది. డిగ్రీ కాగితం మీద సంతకం చేసే రిజిస్ట్రారు మన మొహం ఎరగడు. సనద్ ఇచ్చేవాడికి మన గొంతు కూడా తెలుసు. ఇతను నా దగ్గర విన్నాడు అని ఒక మనిషి ఇంకో మనిషికి పూచీ పడటమే దాని అర్థం. దీన్ని మరీ ఆకాశానికెత్తాల్సిన పని కూడా లేదు. నూరు మంది కూర్చున్న దౌరాలో కునుకు తీసినవాడికీ ఆ గొలుసులో చోటు దొరుకుతుంది. ఆ సంగతి ఉస్తాదులకీ తెలుసు.

కోనసీమకి ఇదేం కొత్త కాదు. ఇక్కడి అగ్రహారాల్లో ఘనపాఠీలు ఇలాగే తయారయ్యారు. నోటితో చదివి, చెవితో పట్టి, గురువుకి ఒప్పజెప్పి, సభలో పెద్దల ముందు పరీక్షకి నిలబడి. ఆ చదువు వినే హక్కు మాకూ లేదు, మాలపల్లెకీ లేదు. అది వేరే లెక్క, దాన్ని మర్చిపోయి మాట్లాడలేం. కానీ పద్ధతి మాత్రం మా పద్ధతికి సొంత అన్నదమ్ముల వరసే. ఆ చదువుకి రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి 2006లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయం పెట్టింది. అదే ఊళ్లోని సంస్కృత విద్యాపీఠం 1987లో డీమ్డ్ విశ్వవిద్యాలయమై, 2020లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. క్రైస్తవ మిత్రుల సంగతి చూడండి. బెంగాల్లోని శ్రీరాంపూర్ కాలేజీకి డెన్మార్క్ రాజు 1827లోనే డిగ్రీలిచ్చే అధికారం రాసిచ్చాడు. 1918లో చట్టం దాన్ని నిలబెట్టింది. ఆ శ్రీరాంపూర్ పట్టాల కోసం చదివించే ఆంధ్రా క్రైస్తవ థియలాజికల్ కాలేజీ 1964లో మన రాజమండ్రిలోనే పుట్టి తర్వాత హైదరాబాదుకి మారింది. పాస్టరు చేతిలో బి.డి. డిగ్రీ ఉంటుంది. వేదం చదివినవాడి చేతిలో ఎం.ఏ. ఉండొచ్చు. ఇదంతా అసూయతో చెప్పడం లేదు. కొంచెం అసూయ ఉంది.

మరి మాకెందుకు లేదు? సర్కారు ఇవ్వలేదు అని ఒక్క మాటలో తేల్చేస్తే సగం అబద్ధమవుతుంది. మా పెద్దలు అడగలేదు. 1857లో ఢిల్లీ కూలిన తొమ్మిదేళ్లకి, 1866లో దేవ్‌బంద్ మదర్సా పెట్టారు. దాని కోసం మౌలానా ఖాసిం నానౌతవీ రాసిన ఎనిమిది సూత్రాల్లో సర్కారు సొమ్ముకి, సంపన్నుల దఖలుకి దూరంగా ఉండమన్న మాట ఉంది. మామూలు జనం ఇచ్చే చందాలే దిక్కు అన్నాడు. ఉరితీసిన చేతులే గ్రాంటు ఇస్తామంటే ఎవడు పుచ్చుకుంటాడు? ఆనాటికి అది ఆత్మగౌరవం. రాజు డబ్బిస్తే రాజే పాఠం రాస్తాడన్న భయం ఇవాళా అబద్ధం కాదు. ముద్ర అడిగిన మరునాడు ముద్ర వేసేవాడు సిలబస్ అడుగుతాడు, ఆ మరునాడు ఉస్తాదుల జాబితా అడుగుతాడు. ఈ భయం ఉన్న మనిషిని ఛాందసుడని కొట్టిపారేయడం మాకు చేతకాదు.

కానీ మా తీరంలో ఇంకో దారి కూడా ఉండేదన్న సంగతి మర్చిపోతున్నాం. మేం నైజాం మనుషులం కాము. 1766లోనే ఈ సర్కార్లు కంపెనీ చేతికి పోయాయి. 1876లో హైదరాబాదులో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ జామియా నిజామియా పెట్టేనాటికి మేం మద్రాసు రాజధానిలో ఉన్నాం. ఉర్దూ మాకు కచేరీ భాష కాలేదు. మా చదువుల దారి వేలూరు వైపు, ఉమరాబాద్ వైపు సాగింది. ఉమరాబాద్ జామియా దారుస్సలాం 1924లో మొదలైంది. మద్రాసు విశ్వవిద్యాలయం సంస్కృతానికి శిరోమణి, దేశభాషలకి విద్వాన్, అరబ్బీకి అఫ్జలుల్ ఉలమా అని ప్రాచ్య విద్యల పట్టాలు పెట్టింది. అలాంటి పట్టాల మీదే మన హైస్కూళ్లకి తెలుగు మాస్టార్లు వచ్చారు. పంచె కట్టుకున్న ఆ పండితుణ్ణి ఇంగ్లీషు మాస్టారు చిన్నచూపే చూసుండొచ్చు. జీతం మాత్రం ఒకటో తారీకున వచ్చేది. అంటే ఈ చదువుని కొలవడం అసాధ్యమేమీ కాదు. కొలవాలనుకున్నప్పుడు కొలిచారు.

ఇప్పుడు 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఉత్తరప్రదేశ్ మదర్సా బోర్డు చట్టాన్ని నిలబెట్టింది. అంతకు ముందు అలహాబాద్ హైకోర్టు ఆ చట్టాన్ని మొత్తంగా కొట్టేసి ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఫాజిల్, కామిల్ పట్టాలిచ్చే భాగం మాత్రం చెల్లదంది. డిగ్రీ ఇచ్చే అధికారం 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకే ఉందని కారణం. న్యాయశాస్త్రం ప్రకారం తప్పు పట్టడానికేం లేదేమో. డిగ్రీ అన్న మాట పార్లమెంటుది. ఫాజిల్ అన్న మాట పార్లమెంటుకంటే చాలా పాతది. అది డిగ్రీ కాదు, సరే. మరి అదేమిటి? ఏమీ కాదా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది కోర్టు ఒక్కటే కాదు.

మా సంగతికి వస్తాం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, బడి వయసు ముస్లిం పిల్లల్లో నూటికి ముగ్గురే మదర్సాకి వెళ్తున్నారని చెప్పింది. ఆ ముగ్గురూ ఎవరి పిల్లలు? మాలో కాస్త ఉన్నవాళ్లం మా పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి పంపాం, మదర్సాకి చందా పంపాం. మా బదులు వలుపు కూలీ కొడుకుని పంపాం. మా జనాజా నమాజు చదివించడానికి, మా పిల్లలకి అలిఫ్ బే నేర్పడానికి ఒకడు కావాలి కదా. దీన్ కోసం పంపాడా, రెండు పూటలా అన్నం దొరుకుతుందని పంపాడా అని ఆ తండ్రిని మేం ఎప్పుడూ అడగలేదు. అడిగితే జవాబు మా మెడకి చుట్టుకుంటుంది.

పైగా ఒక ధర్మశాస్త్రం ముక్క మాకు బాగా కంఠస్థం. ఖురాన్ నేర్పినందుకు కూలి పుచ్చుకోరాదని తొలినాటి హనఫీ పండితులు అన్నారు. తర్వాతి హనఫీ పండితులే, జీతం లేకపోతే నేర్పేవాడే మిగలడని గ్రహించి, పుచ్చుకోవచ్చని చెప్పారు. ఇమాం జీతం తేల్చే మీటింగులో కమిటీ పెద్దలకి మొదటి సగమే గుర్తొస్తుంది.

ఆలిమా చదివి వచ్చిన ఆడపిల్లకి ఆ మీటింగు కూడా లేదు. హైదరాబాదు జామియతుల్ మోమినాత్‌లో ఆడపిల్లలు ముఫ్తీ చదువు దాకా వెళ్తున్నారు. మా పేటలో ఆలిమా చదివిన అమ్మాయి ఇంటి అరుగు మీద ఇరవైమంది పిల్లలకి పాఠం చెప్తుంది. నెలాఖరుకి ఎవరో ఒకరు మామిడిపళ్లు పంపిస్తారు.

లౌకిక మిత్రులు అడుగుతారు: పదేళ్లు మతం చదివి ఇప్పుడు ఉద్యోగం అడగడమేమిటని. వాడికి కావల్సింది ఉద్యోగం ఒక్కటే కాదు. పదేళ్లు మేలుకుని చదివిన మనిషిని నిరక్షరాస్యుల వరసలో నిలబెట్టొద్దని అడుగుతున్నాడు. 1992 తర్వాత రైలు బోగీలో ఆ తలపాగాని జనం ఎలా చదువుతారో మాకు తెలుసు. అందులో వ్యాకరణం కనిపించదు, తర్కం కనిపించదు. పోనీ కాగితం మీద పేరేగా అంటారా? 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టడం చూసినవాళ్లం. కాగితం మీద పేరు ఎంత బరువో మాకు చెప్పకండి.

మదర్సా పెద్దలకి కూడా ఒక మాట. మీరు సనద్ ఇచ్చి పంపిన కుర్రాడి తెలుగు చేతిరాత ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది. శుక్రవారం నాడు అరబ్బీ ఖుత్బాకి ముందు ఉర్దూలో బయాన్ చేస్తాడు. వెనక వరసల్లో కూచున్న మా కూలీలు తెలుగులో కలలు కనేవాళ్లు. తలలూపుతారు, అర్థమై కాదు, అదబ్ కొద్దీ. ఖురాన్‌ని తెలుగులోకి మొదట తెచ్చింది చిలుకూరి నారాయణరావు, 1925లో. మదర్సా చదివినవాడు కాదు, ముస్లిమూ కాదు. మా పక్కనే పిఠాపురంలో ఉమర్ అలీషా తెలుగు పద్యంలో పండితుడై కూర్చున్నాడు. ఎవరి దగ్గర విన్నావని సనద్ అడుగుతుంది. ఎవరికి, ఏ భాషలో చెప్తావని కూడా ఎవరైనా అడగాలి కదా. ఆ పరీక్ష లేకుండా గుడ్డ చుట్టి పంపేయడం చదువు పట్ల న్యాయమేనా?

దారులు అసలు లేవని కాదు. హైదరాబాదులో 1998లో పెట్టిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం కొన్ని మదర్సాల సర్టిఫికెట్లని ప్రవేశానికి ఒప్పుకుంటుంది. అలీగఢ్‌లో మదర్సా పిల్లల కోసం 2013లో బ్రిడ్జి కోర్సు మొదలుపెట్టారు. ఈ మాట మా కుర్రాడికి పన్నెండో ఏట ఎవరూ చెప్పలేదు. మాలో తెలిసినవాళ్లున్నారు, చెప్పలేదు.

ఇప్పుడు వాడు పొద్దున ఫజర్ నమాజు చదివించి, పిల్లలకి పాఠం చెప్పి, సాయంత్రం రిటైరైన తెలుగు మాస్టారింటికి వెళ్తున్నాడు. ఆయన పాతకాలం భాషాప్రవీణ. సంధులు గట్టిగా అడుగుతున్నారట. అరబ్బీ వ్యాకరణం తిన్నవాడు కాబట్టి వీడికి సంధులు కష్టం కాలేదు, ఒత్తులే కష్టమవుతున్నాయి. ఒకరోజు మాస్టారు, నీ పట్టా తీసుకురా చూస్తానన్నారు. పట్టుకెళ్లాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, చదవడం రాని ఆ లిపి మీద వేలు ఆనించి, "ఇందులో మీ గురువుగారి పేరు ఎక్కడుంది బాబూ?" అని అడిగారు. వీడు చూపించాడు.

"ఆయన గురువు?"

అదీ చూపించాడు. అలా ఇద్దరూ దీపాలవేళ దాకా ఆ కాగితం ముందు కూర్చున్నారట. ఆ రోజు తెలుగు పాఠం జరగలేదని వాళ్ల నాన్న మా దగ్గర విసుక్కున్నాడు.