పీఠము – నిక్షేపము

గురుపీఠము ఎవరికి చెందును? ముందు చేరిన శిష్యునకా, విద్యలో మిన్నయైనవానికా? ధర్మశాస్త్రములందు నిక్షేపమను మాట కలదు. ఒకరు నమ్మి, దాచుమని యిచ్చిన సొమ్ము నిక్షేపము. పుచ్చుకొన్నవాడు దానిని కాపాడవలెనే కాని తనదనరాదు. అడిగిననాడు మరల నీయవలెను. పీఠమును అట్టి నిక్షేపముగా నెంచిన మహనీయులు మధ్వసంప్రదాయమున కలరు.

శ్రీమదానందతీర్థుల (1238–1317) అనంతరము పీఠమెక్కిన శ్రీపద్మనాభతీర్థులు పూర్వాశ్రమమున శోభనభట్టు. గోదావరీతీరమున ఆచార్యులతో వాదించి, ఓడి, శిష్యుడైన పండితుడాయన. నిన్నటి ప్రతివాదికే నేడు అప్పగింత! పిమ్మట వచ్చిన శ్రీనరహరితీర్థులు గురువాజ్ఞచే గురుసన్నిధిని విడిచి, చిరకాలము కళింగమున రాజ్యభారము వహించిరి. శ్రీకూర్మమున 1281 నాటి వారి శాసనము కలదు. వీరిరువురును పీఠమును కోరి పొందినవారు కారు.

ఆ పరంపరలోనే మూడు శతాబ్దముల పిమ్మట కుంభకోణమున శ్రీసుధీంద్రతీర్థులు పీఠాధిపతులుగా నుండిరి. వారికి జబ్బు చేయగా, యాదవేంద్రతీర్థులకు సన్న్యాసమిచ్చిరనియు, స్వస్థులైన వెనుక యాదవేంద్రులు సంచారమునకు వెడలిరనియు మఠసంప్రదాయము చెప్పును. తరువాత 1621లో తంజావూరున వేంకటనాథునకు ఆశ్రమమిచ్చి, శ్రీరాఘవేంద్రతీర్థులని పేరిడి, పీఠమప్పగించిరి. గురువు పరమపదించిన పిదప యాదవేంద్రులు తిరిగివచ్చిరి. ముందు సన్న్యాసము పొందినవారు వారు. పీఠమున నున్నవారు వీరు. లోకమున నిట్టిచోట వ్యాజ్యములు పుట్టును. కాని రాఘవేంద్రులు లేచి, పీఠము మీదే, స్వీకరింపుడనిరట. యాదవేంద్రులు చూచి, తగినచోటనే యున్నదని, వలదని సంచారమునకే మరలిరట.

ఇంతవరకు వినుటకు ఇంపుగానే యుండును. అంతకుముందు జరిగినదానిని మాత్రము త్వరగా దాటిపోరాదు. గురువు మొదట అడిగినపుడు వేంకటనాథుడు అంగీకరింపలేదు. ఇంట యువతియైన భార్య సరస్వతి, పసివాడు లక్ష్మీనారాయణుడు ఉన్నారు. అది వ్యామోహమని కొందరందురు. ఆ మాట సరికాదు. అగ్నిసాక్షిగా చేపట్టిన భార్యయు నిక్షేపమే; ఆమెను నమ్మి యిచ్చినవారును కలరు. రెండు నిక్షేపములలో ఒకటి కాపాడవలెనన్న రెండవది విడువవలసిన సంకటమది. స్వప్నమున విద్యాదేవత ఆదేశింపగా ఆయన శిరసు వంచెను. సరస్వతీబాయిని మాత్రము ఎవరును అడుగలేదు. ఆమె దుఃఖము పట్టజాలక నూతిలో పడి మరణించెనని చెప్పుదురు.

గురువుల మహిమ చెప్పబూని ఈ ఘట్టమును మరుగుపరచువారు కలరు. సంప్రదాయము దాచలేదు. ప్రేతరూపమున ఆమె మఠమునకు రాగా, స్వామి కమండలూదకము ప్రోక్షించి ముక్తి నిచ్చిరని కథ. తీర్చవలసిన ఋణము లేనిచో ఆ కథ పుట్టుటకే తావు లేదు.

ఆదోని నవాబు సిద్దీ మసూద్ ఖాన్ ఇచ్చిన మంచాల గ్రామమున, తుంగభద్రాతీరమున, స్వామి 1671 శ్రావణ బహుళ విదియనాడు బృందావనప్రవేశము చేసిరి. ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా సాగు యాత్రికులు నేడు మంత్రాలయమని పిలుచుచున్నది ఆ గ్రామమునే. పీఠము మాత్రము అప్పటికే వారి చేతిలో లేదు, శ్రీయోగీంద్రతీర్థులకు అప్పగించియుండిరి.