గాజు సముద్రంలో ప్రమాదం

నిజామాబాదు నుంచి ఎటు బయల్దేరినా సముద్రం కనీసం నాలుగు వందల కిలోమీటర్ల అవతలే ఉంటుంది. అలాంటి ఊళ్లో, ఒక ఇంటి హాల్లో, నాలుగడుగుల గాజుతొట్టెలో ఉప్పునీళ్లు నింపి, అందులోకి ఒక సీ ఎనిమోన్‌ను తెచ్చి పెట్టుకోవచ్చునా? సాధ్యమా అని కాదు నేను అడుగుతున్నది. సాధ్యమే. ఉప్పు ప్యాకెట్లలో దొరుకుతుంది. లైట్లు, పంపులు కొరియర్లో వస్తాయి. ఆ జీవి కూడా గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో కూచుని వస్తుంది. తగునా అన్నదే ప్రశ్న.

చూడటానికి పువ్వు. నిజానికి జంతువు. అడుగున రాయిని పట్టుకునే పాదం, పైన నోరు, నోటి చుట్టూ ముట్టుకుంటే కుట్టే వేళ్లు. ‘నీమో’ సినిమా చూసిన పిల్లలందరికీ తెలుసు, ఆ వేళ్ల మధ్య నారింజ రంగు చేప కాపురం ఉంటుందని. ఆ చేపకు ఆశ్రయమిచ్చే రకాల ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. అది వెలుతురుతో వండిపెడితే ఇది తింటుంది. మెదడు లేదు. ఒళ్లంతా వలలా అల్లుకున్న నరాలు మాత్రం ఉన్నాయి.

మెదడే లేనిదానికి బాధేమిటి, దాని కోసం ఈ ధర్మచింతన ఏమిటి అని ఎవరైనా అనొచ్చు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. జంతువుల విషయంలో తెలివిని కాదు, బాధను కొలబద్దగా పెట్టుకోవాలని బెంథామ్ పద్దెనిమిదో శతాబ్దంలోనే వాదించాడు. మనలో చాలామందిమి తెలియకుండానే ఆయన శిష్యులం. కోడిని కోస్తే మొహం తిప్పుకునేవాళ్లు కూడా బెండకాయను మామూలుగా తరుగుతారు. ఎనిమోన్ ఈ రెంటిలో ఏ వరసలోకి వస్తుంది? 2023లో స్విట్జర్లాండులోని ఫ్రిబూర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక చిన్న జాతి ఎనిమోన్ల మీద ప్రయోగం చేశారు. వెలుతురు వేసినప్పుడే చిన్న షాకు ఇస్తూ వచ్చారు. కొన్నాళ్లకు ఉత్త వెలుతురుకే అవి ముడుచుకోవడం ఎక్కువైంది. అంటే నేర్చుకున్నాయి. నేర్చుకోవడమూ బాధపడటమూ ఒకటే అని నేననను. కానీ బెండకాయ మాత్రం కాదని ఒప్పుకోవాలి.

ఈ ప్రశ్నకు మా జిల్లాలోనే ఇంకో పాత కొలబద్ద ఉంది. బోధన్ అంటే ఇవాళ అందరికీ చెరుకు, శక్కర్‌నగర్ గుర్తుకొస్తాయి. అంతకు ముందు అది పోదనపురం, బాహుబలి రాజధాని అని జైన సంప్రదాయం. తీగలు కాళ్లకు అల్లుకునేదాకా కదలకుండా నిలబడినవాడి ఊరు! జైనులు ప్రాణుల్ని ఇంద్రియాల లెక్కన వరస పెట్టారు. చెట్టుకు ఒకటే, స్పర్శ. పురుగుకు, శంఖానికి రెండు, స్పర్శా రుచీ. ఎనిమోన్‌ను బహుశా ఈ రెండో మెట్టు మీద పెడతారు. అయితే ఆ వరసలో కింద ఉన్నంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు. ఒక్క ఇంద్రియం ఉన్నదాని విషయంలోనూ జాగ్రత్త అడుగుతారు వాళ్లు. హింసను నిర్ణయించడానికి వాళ్లు ఎదుటి ప్రాణి ఎంత విలవిల్లాడిందో చూసి ఊరుకోరు, చేసినవాడు ఏమరుపాటుగా ఉన్నాడా అని కూడా చూస్తారు. ఆ ఏమరుపాటుకు వాళ్లు వాడిన మాట ‘ప్రమాదం’.

తమాషా ఏమిటంటే, ఇవాళ తెలుగులో ఆ మాట అర్థం దాదాపు తిరగబడింది. ప్రమాదం అంటే మన చేతిలో లేనిది, ఉన్నట్టుండి జరిగిపోయేది. ‘ప్రమాదవశాత్తు’ అంటే ఎవరి తప్పూ లేదని. సముద్రంలో ఎనిమోన్ చచ్చిపోతే ఈ కొత్త అర్థం సరిపోతుంది. గాజుతొట్టెలో ఎలా సరిపోతుంది? నచ్చిన చోటు దొరక్కపోతే ఎనిమోన్ పాదం వదిలి, రాళ్ల మీద పాకుతూ వెతుక్కుంటుంది. వెతుకుతూ పోయి పంపు రెక్కల్లో పడి ముక్కలవుతుంది. ఇలాంటివి తరచూ జరుగుతాయి. పెంచినవాళ్లు ప్రమాదమనే అంటారు. పంపు పెట్టినదెవరు, దానికి జాలీ కట్టనిదెవరు?

ఉప్పు సంగతి చూడండి. సముద్రంలో లీటరు నీటికి దాదాపు ముప్పై అయిదు గ్రాముల ఉప్పుంటుంది. తొట్టెలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మిగులుతుంది. అందుకని రోజూ మంచినీళ్లు పోసి సరిచేయాలి. మా బోరు నీళ్లు కాదు, ఆర్వో నీళ్లు. మే నెలలో నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ తొట్టె ఎంత వేడెక్కుతుంది? నీరు ముప్పై దాటిపోతూ ఉంటే ఒంట్లో నాచు వదిలిపోతుంది, ఎనిమోన్ తెల్లబడుతుంది. తెల్లగా ఉంటే అందంగా ఉందనుకుని కొనేవాళ్లూ ఉన్నారు! అది ఆకలితో పాలిపోయిన తెలుపు.

నిజామాబాదులో ఉండే మా మేనల్లుడు మొన్న ఫోన్లో, “ఇంకేంది మామా, మూడు నెలలాయె తొట్టె వెట్టి. నీళ్లు మంచిగనే ఉన్నయ్. ఇగ ఎనిమోన్ తెప్పిస్త” అన్నాడు. మూడు నెలలు చాలవు. తొట్టె కుదుటపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. వచ్చాక కూడా సంచి కోసి గుమ్మరించకూడదు. తొట్టె నీళ్లను గంటకు పైగా చుక్కచుక్కగా కలుపుతూ అలవాటు చెయ్యాలి. ఇవన్నీ వాడికి నాకన్నా బాగా తెలుసు. తెలియడం కాదు, ఓపిక పట్టడమే కష్టం.

సముద్రం మాత్రం భద్రంగా ఉందా అని వాడి వాదన. నిజమే. 2024 వేసవిలో లక్షద్వీప్‌లో పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. కానీ ఇల్లు కాలుతోందని అందులోంచి ఒకణ్ణి ఎత్తుకొచ్చి మన హాల్లో అలంకారానికి కూచోబెడితే దాన్ని కాపాడటం అనలేం. రాతి నుంచి పెకలించి పట్టుకొచ్చిన ఎనిమోన్‌ను కొనకూడదనే నా అభిప్రాయం. దాంతోపాటు గట్టి పగడపు ముక్క అంటగట్టేవాడి దగ్గరికైతే అసలు పోకూడదు. 2001 నుంచి వాటికి పులితో సమానంగా చట్టపు రక్షణ ఉంది. ఇంకో దారి ఉంది. బుడగల్లాంటి వేళ్లుండే ఒక రకం తొట్టెలోనే రెండుగా చీలుతుంది. చెరుకు ముచ్చె నాటినట్టే, ఒకరి తొట్టెలో చీలిన ముక్క ఇంకొకరింట్లో పెరుగుతుంది. సముద్రం నుంచి ఏమీ తీసుకోనక్కర్లేదు. బోధన్ వైపు రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రైతుకు ఇంకోటీ తెలుసు. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని చూసుకుని ఎన్ని ఊళ్లు చెరుకు వేశాయో, 2015 డిసెంబరులో అది ఆగిపోతే ఏమైందో. ఫ్యాక్టరీనీ తొట్టెనూ ఒకే తక్కెడలో వేయడం నా ఉద్దేశం కాదు. రైతు ఇంకో పంటకు మారగలడు, ధర్నా చేయగలడు. ఎనిమోన్‌కు ఆ రెండూ లేవు. ఒకరి మీద ఆధారపడేలా చేశాక స్విచ్చి ఆపేయడమంటే ఏమిటో తెలిసిన నేల మాది, అంతే.

ఎన్నాళ్లు చూసుకోవాలన్నది మిగిలిన ప్రశ్న. 1828లో డాలిఎల్ అనే స్కాట్లండు ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఒడ్డు మీది రాళ్లలోంచి ఒక ఎనిమోన్‌ను తెచ్చి గాజుజాడీలో పెట్టుకున్నాడు. ఆయన 1851లో పోయాడు. అది పోలేదు. ‘గ్రానీ’ అన్న పేరుతో చేతులు మారుతూ, ఎవరో ఒకరు నీళ్లు మారుస్తూ ఉంటే, 1887 దాకా బతికింది. ఆ మధ్యవాళ్లెవరూ దాన్ని కోరి తెచ్చుకున్నవాళ్లు కాదు. ఒకరి ముచ్చటకు వాళ్లు కాపలా కాశారు.

మేనల్లుడికి ఈ కథ చెప్పాను. వాడు దుబాయి వీసా కోసం చూస్తున్నాడు. మా ఊళ్లలో ఇంటికొకరు వెళ్లేదే. నువ్వు వెళ్లాక దీన్నెవరు చూస్తారని అడిగాను.

“అమ్మ ఉంటది గద మామా” అన్నాడు.

అమ్మను అడిగినవా అంటే మాట్లాడలేదు.