రోజుకు ఒక్క పేట

టోక్యో వెళ్లే అవకాశం వచ్చిందనుకోండి. చేతిలో ఉన్నవి కొద్ది రోజులే. వెంటనే పెద్ద జాబితా రాసేస్తాం. ఆ గుడి, ఈ టవరు, ఆ బజారు. పెళ్లి విస్తట్లో అన్నీ ఒకేసారి కలిపేసుకుంటే దేని రుచీ తెలియదు. ఊరూ అంతే. రోజుకు ఒక్క పేట చాలు.

అసకుసానే తీసుకోండి. పొద్దున్నే వెళ్లండి. అప్పటికి దుకాణాలు తెరవరు. మూసిన షట్టర్ల మీద రంగుల బొమ్మలుంటాయి. అవి చూడాలంటే అదే సమయం. ఎర్రటి పెద్ద లాంతరు కింద నుంచి నడిస్తే సెన్సోజీ గుడి. ఎదురుగా పెద్ద ధూపపాత్ర. జనం ఆ పొగను చేతులతో తల మీదికి, నొప్పి ఉన్న చోటికి తోసుకుంటారు. కాసేపు నిలబడి చూడండి. తొందరేముంది? రోజుకు ఒక్క పేటే కదా.

పక్కనే సుమిదా నది. అక్కడ ఎక్కిన పడవ హమారిక్యూ తోటలో దింపుతుంది. అన్ని పడవలూ ఆగవు, అడిగి ఎక్కండి. తోటలో చెరువు మధ్య టీ ఇల్లు. నురగలు కక్కే పచ్చటి టీ ఇస్తారు. చేదే, ముందే చెబుతున్నా. తోడుగా చిన్న మిఠాయి పెడతారు లెండి.

మరి స్కైట్రీ టవరు? నది ఒడ్డు నుంచే కనిపిస్తుంది. ఎక్కకపోయినా ఫరవాలేదు.