మచ్చ ఎవరిది?

పూర్వజన్మలో చేసుకున్నదే ముఖం మీదికి వస్తుందనీ, దాన్ని చెరిపేస్తే ఆ ఫలం ఇంకోచోట అనుభవించక తప్పదనీ నమ్మే పెద్దవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. రాజమండ్రిలో చర్మవైద్యం చేస్తున్నాను. మా నాన్న ఇంటి అరుగు మీద ఉపనిషత్తులు పాఠం చెప్పేవారు. అందుకే ఆ మాటను చాదస్తమని కొట్టిపారేయలేను.

ఆమధ్య ఒక మామ్మగారు ఇంటర్ చదువుతున్న మనవరాలిని తీసుకొచ్చారు. ఆ పిల్ల కుడికంటి చుట్టూ, కణత దాకా, బూడిద కలిసిన నీలం. కంటి తెల్లగుడ్డులోనూ అదే రంగు. జుట్టు పాయ ఒకటి ఎప్పుడూ అటువైపే పడేలా దువ్వుకుంది. 1939లో జపాన్ వైద్యుడు మసావో ఓటా వర్ణించిన మచ్చ ఇది. పైపొరలో ఉండాల్సిన రంగు కణాలు లోపలి పొరలో ఉండిపోతాయి. లోతు వల్ల గోధుమరంగు నీలంగా కనిపిస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, కొందరికి ఈడొచ్చే వయసులో బయటపడుతుంది.

"దేవుడిచ్చిన ముఖం డాక్టరమ్మా, యంత్రం పెట్టి చెరపొచ్చంటారా?" అన్నారు మామ్మగారు.

ఆ యంత్రం చేసే పని చూడండి. ఒక రంగు పీల్చుకునే కాంతినే ఎంచుకుని, వేడి చుట్టుపక్కలకి పాకేలోపే ఆపేస్తే, రంగు పగులుతుంది, చర్మం నిలుస్తుంది. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రకటించిన సూత్రమిది. ఓటా మచ్చకి మేం వాడే ఎన్‌డి యాగ్ లేజర్ కాంతి 1064 నానోమీటర్లు, కంటికి కనిపించదు. ఒక్కో దెబ్బ సెకనులో వంద కోట్లవ వంతులు కొన్ని మాత్రమే. టక్‌మని చప్పుడు, రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుకు. పగిలిన ముక్కల్ని ఆ తర్వాత నెలల తరబడి మోసుకుపోయేది శరీరంలోని కణాలే. అందుకే సిట్టింగుల మధ్య అంత ఎడం.

నన్ను వదలనిది మరొకటుంది. ఆ కాంతికి మచ్చంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా మెలనిన్. మచ్చలోదీ అదే, మేనిఛాయలోదీ అదే, కనుబొమ్మలోదీ అదే. ఇందులో ఏది నాది, ఏది నా మీదికొచ్చి పడింది అనేది ఆ ముఖంతో బతికే మనిషే తేల్చుకోవాలి. నాకా అధికారం లేదు, మామ్మగారికీ లేదు.

భగవద్గీత పదమూడో అధ్యాయం క్షేత్రాన్ని, దాన్ని ఎరిగినవాణ్ణి విడదీసి చెబుతుంది. ఆ వివేకం ఎవరి లోపల వాళ్లు సాధించుకోవాల్సింది. అద్దం ముందు నిలబడలేని పిల్లకి "దేహం అశాశ్వతం తల్లీ" అని పక్కవాళ్లు చెబితే ఆ పిల్ల నోరు మూయించినట్టే. కర్మ సంగతీ అంతే. నా కష్టానికి నేను చెప్పుకుంటే ఓర్పునిస్తుంది, ఎదుటివాళ్ల ముఖం మీద చదివితే నిందవుతుంది. మన పాతవాళ్లకి ఈ తేడా తెలుసు. ముఖం మీది నల్లమచ్చ, వ్యంగాన్ని, సుశ్రుతసంహిత క్షుద్రరోగాల్లో చేర్చింది. కోపం, ఆయాసం కారణమంది, పైపూతలు చెప్పింది. శిక్షగా వదిలేయలేదు.

మామ్మగారు రెండు కళ్లకీ శుక్లాలు తీయించుకున్నారు. "అప్పుడు కర్మకి అడ్డుపడ్డామా మామ్మగారూ?" అని అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, మనవరాలి వైపు తిరిగి, "నీకేం కావాలే?" అన్నారు. తీయించుకుంటానంది పిల్ల. కంట్లో రంగు లేజరుతో పోదని చెప్పాను. ఈ మచ్చ ఉన్నవాళ్లకి కంటి ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి ముందు కంటి డాక్టరు దగ్గరికి పంపాను.

అలాగని అడిగినవాళ్లందరికీ సరేననను, కొందరికి వద్దనీ చెబుతాను. మంగుతో వచ్చేవాళ్లకి ముందుగా లేజర్ పెట్టను. మన ఛాయలో అది తగ్గినట్టే తగ్గి, ముదిరి తిరిగొస్తుంది. ఎండ నుంచి కాపు, పూత మందులు, ఓపిక, ఇవే ముందు. పెళ్లిచూపులకి ముందు కూతుర్ని తెల్లగా చేయమని వచ్చే తల్లులున్నారు. అక్కడ ఏది మచ్చో నిర్ణయించింది ఆ పిల్ల కాదు, చూడబోయేవాళ్లు. చామనఛాయ మీద శక్తి పెంచితే చర్మం కాలి, నల్లమచ్చలో తెల్లమచ్చలో మిగలొచ్చని తల్లికి వివరంగా చెబుతాను. తర్వాత ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమని, పిల్లతో విడిగా మాట్లాడతాను.